పాత చైనా పింగాణీకి చింతపండు పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

దసరా, దీపావళి దగ్గరపడుతున్నాయంటే ఇంట్లో పాత సామాను శుభ్రం చేసే చిట్కాలు పత్రికల్లోనూ ఫోన్లలోనూ విరివిగా వస్తాయి. ఇత్తడికీ రాగికీ చెప్పే చింతపండు, నిమ్మచెక్క, ఉప్పు వైద్యాన్నే పింగాణీకి కూడా అదే వాక్యంలో కలిపి రాసేస్తుంటారు. రోజూ అన్నం తినే పింగాణీ పళ్లేలకు దానివల్ల పెద్ద నష్టం లేదు. హైదరాబాద్ పాత ఇళ్ల అల్మరాల్లో ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్న చైనా చెక్కుడు పింగాణీ, అంటే ఒంటి మీద బొమ్మలు చెక్కిన పింగాణీ సంగతి వేరు. రాతబల్ల మీద పెట్టుకునే ఆ చిన్న వస్తువులకు ఆ వైద్యం చేస్తే ఒక్క పూటలో పాడైపోతాయి, మళ్లీ బాగుచేయడం ఎవరివల్లా కాదు. అలాంటి చిట్కా అచ్చువేసినప్పుడు ‘పాత చైనా వస్తువులకు ఇది వద్దు’ అన్న ఒక్క మాట కలపమని మా మనవి. ఎందుకో, బదులుగా ఏం చేయాలో కాస్త వివరంగా రాస్తున్నాం.

ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే పైన పట్టిన చిలుము కరిగి కింద ఉన్న అసలు ఇత్తడి బయటపడుతుంది. గ్లేజు అలా కాదు. అది పింగాణీ ఒంటికి అతుక్కున్న పలచని గాజు పొర. అది పోతే దాని కింద ఇంకో గ్లేజు ఉండదు. ఈ చెక్కుడు వస్తువుల్లో పసుపు, ఆకుపచ్చ, వంకాయ రంగుల్లో ఉండేవాటికి ఎక్కువగా సీసం కలిపిన గ్లేజు వేస్తారు. సీసం కలిస్తే గ్లేజు 800, 900 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగి పారుతుంది. అందులో ఇనుము ఉంటే పసుపు, రాగి ఉంటే ఆకుపచ్చ తేలుతుంది. తక్కువ వేడికి కరిగే ఆ గుణమే దాని బలహీనత కూడా. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం గ్లేజు పైపొర నుంచి సీసాన్ని లాగేస్తాయి. ముందు మెరుపు తగ్గుతుంది, తర్వాత తెల్లటి మసక కమ్ముతుంది, పక్కనుంచి వెలుతురు పడితే ఇంద్రధనుస్సు రంగుల పొర కనిపిస్తుంది. దాన్ని మురికి అనుకుని మళ్లీ చింతపండు పెట్టి తోమితే పులుపు గ్లేజును ఇంకా లోతుగా తినేస్తుంది.

తెల్ల గ్లేజు, సెలడాన్ అనే లేత ఆకుపచ్చ గ్లేజు దాదాపు 1300 డిగ్రీల దగ్గర కాలినవి. వాటిని ఈ ఆమ్లాలు అంత తేలిగ్గా తినలేవు. కానీ ఇంట్లో ఉన్నది ఏ రకమో చూడగానే తేల్చడం అందరికీ సాధ్యం కాదు. పైగా చెక్కుడు గాళ్లలో, పాత బీటల్లో దిగిన పులుపునూ ఉప్పునూ ఎంత కడిగినా పూర్తిగా బయటకు తీయలేం. నీరు ఆరిపోయాక ఉప్పు లోపలే గట్టి స్ఫటికాలుగా మారి బీటను ఇంకా తెరుస్తుంది. బ్లీచింగ్ పౌడర్‌తోనూ ఇదే ప్రమాదం.

ఇంతకీ ఏమిటీ వస్తువులు? తాటాకు మీద గంటంతో రాసిన మన పండితుడికి బల్ల మీద పెద్ద సరంజామా అక్కర్లేదు. చైనా పండితుడు కుంచెతో, సిరాతో, కాగితం మీద రాసేవాడు. కుంచె, సిరా కడ్డీ, కాగితం, సిరా నూరే రాయి అతని రాతగదికి నాలుగు నిధులు. ఆ నాలుగింటికీ తోడుగా ఉండే చిన్న సాధనాలను వెదురుతో, పచ్చరాయి (జేడ్)తో, ఏనుగు దంతంతో, పింగాణీతో చేసేవారు. పింగాణీతో చేసినవాటిలో ఇక్కడ ఎక్కువగా కనిపించేది కుంచెల గొట్టం. సాధారణంగా 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తుండి, చుట్టూ కొండలు, పైన్ చెట్లు, వాటి కింద నడిచే ముసలి పండితులు చెక్కి ఉంటారు. ఆరిన కుంచెలను వెంట్రుకలు పైకి ఉండేలా అందులో నిలబెడతారు. తడి కుంచెను పడుకోబెట్టడానికి అయిదు శిఖరాల కొండ ఆకారంలో ఒక చిన్న ఆనిక ఉంటుంది, నడిమి శిఖరం అన్నిటికంటే ఎత్తు. సగానికి చీల్చిన వెదురుబొంగులా ఉండేది మణికట్టు కింద పెట్టుకునేది. అప్పట్లో చైనా రాత పైనుంచి కిందికి, కుడి వరస నుంచి ఎడమకు సాగేది కాబట్టి, రాసిన తడి అక్షరాల మీద చెయ్యి పడి అలుక్కుపోకుండా అది కాపాడేది.

నీటి చుక్కల పాత్ర పనితనం ముచ్చటగా ఉంటుంది. కప్పలాగో పండులాగో ఉండే ఆ బొమ్మకు రెండు రంధ్రాలుంటాయి. పై రంధ్రాన్ని వేలితో మూస్తే గాలి లోపలికి పోదు, నీరు కదలదు. వేలు కొద్దిగా ఎత్తితే ముక్కు నుంచి ఒక్క చుక్క జారుతుంది. సిరా కడ్డీని రాయి మీద నూరేటప్పుడు నీళ్లు అలా చుక్క చుక్కగానే పడాలి, ఎక్కువైతే సిరా పలచనై కాగితం మీద పాకిపోతుంది. ఇక మూత ఉన్న గుండ్రటి చిన్న డబ్బా ముద్ర వేసే ఎర్ర ముద్ద కోసం. ఆ ముద్దలో ఇంగిలీకం, ఆముదం, పీచు కలిసి ఉంటాయి. చెక్క డబ్బాలో పెడితే నూనెను చెక్క పీల్చేసుకుని ముద్ద ఎండిపోతుంది. గ్లేజు వేసిన పింగాణీ నూనెను పీల్చదు, అందుకే ఆ పనికి పింగాణీనే ఎంచుకున్నారు.

ఈ చివరి డబ్బాను కొన్ని ఇళ్లలో సోంపుకో, తాంబూలం సున్నానికో వాడుతుంటారు. దయచేసి వెంటనే మానేయండి. ఇంగిలీకం అంటే పాదరసం, గంధకం కలిసిన పదార్థం. లోపలి మూలల్లో మిగిలిన ఎరుపును గోటితోనో పుల్లతోనో గోకితే ఆ పొడి పీల్చడం మంచిది కాదు, తినేదానిలో కలిస్తే మరీ ముప్పు. పైన సీసం గ్లేజు ఉంటే అది రెండో ప్రమాదం. సున్నంలోని క్షారం గ్లేజునూ తింటుంది. లోపల ఎరుపు ఉంటే ఉండనివ్వండి, డబ్బాను నిజంగా వాడారనడానికి అదే ఆధారం. గొట్టం అడుగున ఉన్న నల్ల సిరా మరక కూడా అంతే, దాన్ని తీసేస్తే వస్తువు చరిత్ర తుడిచేసినట్టే.

కుంచెల గొట్టంలో మనీప్లాంట్ పెట్టడం ఇంకో అలవాటు. హైదరాబాద్ బోరు నీటిలో లవణాలు ఎక్కువ. ఆ నీరు ఆవిరైన చోటల్లా తెల్లటి గట్టి గీత కడుతుంది. గొట్టం లోపలి భాగానికి ఒక్కోసారి గ్లేజు ఉండదు, ఆ గరుకు మీద పట్టిన లవణం ఊడిరాదు. దాన్ని తీయడానికి మళ్లీ వెనిగర్ పోస్తారు. అలా ఒక తప్పు ఇంకో తప్పుకు దారితీస్తుంది.

వీటి తయారీ ఎంత కష్టమో తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. చైనాలోని జింగ్‌డెజెన్‌లో కయోలిన్ అనే తెల్లమట్టిని, పింగాణీ రాయి పొడిని కలిపి ముద్ద చేస్తారు. మన కుమ్మరి మట్టిలా అది సాగదు, లాగితే చిట్లుతుంది. సారె మీద గోడ మందంగా తీసి, తోలులా గట్టిపడేదాకా ఆరనిచ్చి, అప్పుడు కత్తి పెట్టాలి. తొందరపడితే గీత అంచులు అణిగిపోతాయి, ఆలస్యమైతే మట్టి పెళుసై పెచ్చులూడుతుంది. చెట్టు కొమ్మ వెనక, మనిషి చేతి కింద కత్తి దూర్చి ఖాళీ చేసిన చోట గోడ పలచనవుతుంది, పక్కనే మందంగా ఉంటుంది. పలచన భాగం ముందే ఆరి ముడుచుకుంటే, మందపు భాగం వెనకబడుతుంది. ఆ రెండూ కలిసే చోట బీట వస్తుంది. ఎండి కాలేలోపు మొత్తం కొలత 10 నుంచి 15 శాతం దాకా తగ్గుతుంది కాబట్టి చిన్న తేడా కూడా బట్టీలో పెద్ద పగులవుతుంది. సీసం గ్లేజు వేయాలంటే ఒకసారి ఎక్కువ వేడిలో కాల్చిన వస్తువును మళ్లీ తక్కువ వేడిలో కాల్చాలి. గ్లేజు గాళ్లలోకి జారి చిక్కబడి ముదురు రంగులోనూ, ఎత్తుల మీద పలచనై లేత రంగులోనూ కనిపిస్తుంది. చెక్కిన బొమ్మ కంటికి అంత స్పష్టంగా కనబడటానికి అది కూడా కారణం.

ఈ పనికి 19వ శతాబ్దంలో పేరు తెచ్చినవారిలో చెన్ గువోజి, వాంగ్ బింగ్‌రోంగ్, లీ యూచెంగ్ ముఖ్యులు. చెన్ పని సాధారణంగా డావోగ్వాంగ్ (1821–1850), ష్యెన్‌ఫెంగ్ (1851–1861) చక్రవర్తుల కాలానికి, వాంగ్ పని తోంగ్‌జి (1862–1874), గ్వాంగ్‌షు (1875–1908) కాలాలకు చెందినవిగా లెక్కిస్తారు. మధ్యలో చక్రవర్తి పాలన మీద లేచిన తైపింగ్ తిరుగుబాటులో జింగ్‌డెజెన్ రాచబట్టీలు ధ్వంసమయ్యాయి. అంతటి కల్లోలం మధ్యలోనూ ఈ పనితనం బతకడం మాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. వీళ్లు పింగాణీని వెదురులా, దంతంలా, పచ్చరాయిలా కనిపించేలా చెక్కారు. అడుగున పేరు నాలుగు అక్షరాల ముద్రగా ఒత్తి ఉంటుంది. ఆ పేరు చూసి మురిసిపోకండి. పేరున్నవారి ముద్రే తర్వాతి నకళ్ల మీద కూడా ఎక్కువ కనిపిస్తుంది. అడుగున ఇంగ్లిష్ అక్షరాల్లో దేశం పేరు ఉంటే మాత్రం అది చాలావరకు 1891 తర్వాత ఎగుమతి కోసం చేసినదే. అమెరికాకు వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలన్న చట్టం అప్పుడు అమల్లోకి వచ్చింది.

ముర్గీచౌక్ పాత సామాను దుకాణాల్లో, గురువారం జుమేరాత్ బజార్‌లో కొనేవారు ముద్ర కంటే ముందు లోపల వేలు పెట్టి చూడాలి. చేత్తో చెక్కిన గొట్టానికి లోపలి గోడ నునుపుగా, సమంగా ఉంటుంది, బయటి బొమ్మతో దానికి సంబంధం ఉండదు. పలచటి మట్టినీళ్లు అచ్చులో పోసి తీసినదానికి బయట కొండ ఉబ్బిన చోట లోపల గుంట తగులుతుంది. అచ్చులోంచి ఊడిరావాలి కాబట్టి కొమ్మల వెనక ఖాళీలు ఉండవు, అంచులు మొద్దుగా ఉంటాయి, నిలువునా ఒక అతుకు గీత ఉండవచ్చు. భూతద్దంతో చూస్తే కత్తి పడ్డ గాళ్లు పదునుగా, కొనలో సన్నగా ముగుస్తాయి. తర్వాత అరుగుదల చూడండి. నిజంగా వాడిన వస్తువుకు అడుగు అంచు మీద గీతలు అన్ని దిక్కులా ఉంటాయి, గరుకు కాగితంతో రుద్దినదానికి ఒకే దిక్కున. గాళ్లలో మురికి కూడా అనుమానించదగ్గదే. టీ నీళ్లు, బూట్ పాలిష్, పర్మాంగనేట్ పూసి పాతదనం తెచ్చినప్పుడు ఆ రంగు అన్ని గాళ్లలో ఒకేలా పేరుకుంటుంది, తడి దూదికి ఊడి వస్తుంది. అతినీలలోహిత టార్చి చీకట్లో వేస్తే కొత్త జిగురు, పైన వేసిన పెయింటు చుట్టుపక్కల గ్లేజు కంటే వేరేగా మెరుస్తాయి. గోటితో మీటి శబ్దం వినే పరీక్షను పూర్తిగా నమ్మకండి, ఇంత మందపు చెక్కుడు వస్తువు బాగున్నా మొద్దుగానే పలుకుతుంది.

దంతమని చెప్పి అమ్మితే రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఏనుగు దంతం అమ్మకం, కొనుగోలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అది దంతమో కాదో తేల్చుకోవడానికి కాల్చిన సూది గుచ్చడం ఇంకో తప్పు, పింగాణీ అయితే గ్లేజు చిట్లుతుంది. దంతానికి కోసిన ముఖం మీద ఒకదాన్నొకటి ఖండించుకునే సన్నని గీతల వల కనిపిస్తుంది. పింగాణీకి ఆ వల ఉండదు. అడుగు అంచున గ్లేజు లేని గరుకు మట్టి బయటపడి ఉంటుంది, చేతికి చల్లగా, బరువుగా తగులుతుంది.

కొనడానికి ముందు మంచి వస్తువు ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలి. అందుకు దారుల్‌షిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియం దూర ప్రాచ్య విభాగంలో చైనా గ్లేజులను తీరిగ్గా చూసిరండి. ఆ మ్యూజియం 1951లో మొదలైంది సాలార్‌జంగ్‌ల నివాస భవనమైన దివాన్ దేవిడీలో, 1968లో ఇప్పటి భవనానికి మారింది. ఆ దేవిడీలో చైనా పింగాణీకి చీనీఖానా అని ప్రత్యేక గది ఉండేది. ఈ వస్తువుల పట్ల ఈ నగరానికి ఉన్న మమకారం ఎంత పాతదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక శుభ్రం చేసే పద్ధతి. వారానికొకసారి మెత్తటి మేకప్ బ్రష్షుతో గాళ్లలోని దుమ్ము పైనుంచి కిందికి దులిపితే చాలావాటికి నీళ్లే అక్కర్లేదు. బట్టతో తుడిస్తే ఆ పోగులు చెక్కిన వేళ్లకూ ఆకులకూ చిక్కుకుని కొనలు విరుగుతాయి. కడగాల్సే వస్తే ముందు టార్చి వేసి బీటలు, పాత అతుకులు, విరిగిన ముక్కలను కలిపి పట్టే ఇనుప లేదా ఇత్తడి కుట్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే అక్కడితో ఆపేయండి. పాత జంతు జిగురు నీటికి కరుగుతుంది, ఇనుప కుట్లు తుప్పు కక్కి బీటకు మరక పట్టిస్తాయి. ఏమీ లేకపోతే చేతి గాజులు, ఉంగరాలు తీసి, ప్లాస్టిక్ తొట్టిలో మందపు తువ్వాలు పరచండి. గ్రానైట్ గట్టు మీద, స్టీలు సింకులో వద్దు, జారితే అంతే. రెండు లీటర్ల గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి. బ్యాటరీల్లో పోయడానికి పెట్రోలు బంకుల్లో, స్పేర్‌పార్టుల దుకాణాల్లో దొరికేదే. ‘లెమన్’ అని రాసి లేని, పాత్రలు తోమే ద్రవం రెండు మూడు చుక్కలు అందులో కలపండి. వస్తువును ముంచి నానబెట్టకుండా, బ్రష్షు తడిపి కొంచెం కొంచెంగా రుద్ది, అదే నీటి రకంతో రెండుసార్లు కడిగి, రెండు రోజులు నీడలో ఆరనివ్వండి. ఎండలో, హెయిర్ డ్రయ్యర్ ముందు పెట్టకండి. నీటి చుక్కల పాత్ర లోపలికి మాత్రం నీళ్లు పోయకండి, ఆ సన్నటి రంధ్రాల్లోంచి తడి ఆరదు.

ఎత్తేటప్పుడు రెండు చేతులతో ఒంటిని పట్టుకోవాలి, చెక్కిన కొమ్మనో అంచునో పట్టుకుంటే ముందు ఊడేది అదే. దాచేటప్పుడు వార్తాపత్రికలో చుట్టవద్దు, గ్లేజు లేని భాగాలకు సిరా అంటుతుంది. స్పాంజి కూడా మంచిది కాదు, మన ఎండాకాలపు వేడికి అది కొన్నేళ్లలో పొడిపొడిగా రాలి జిగటగా అంటుకుంటుంది. ఉతికిన, గంజి పెట్టని మల్లుగుడ్డ చాలు.

విరిగితే ముక్కల అంచులను ఒకదానికొకటి ఆనించి చూడాలనిపిస్తుంది. ఆ పని చేయకండి, అంచుల్లోని సూక్ష్మమైన రవ్వలు రాలిపోతే అతుకు ఇక కలవదు. పొడిలాంటి చిన్న రవ్వలతో సహా ఒక్కో ముక్కనూ విడివిడిగా మెత్తని కాగితంలో పెట్టి పెట్టెలో ఉంచండి. క్షణంలో అతికే జిగురు అసలే వద్దు. ఒక మిల్లీమీటరు పక్కకు అతికినా మళ్లీ సరిచేయడానికి సమయం ఇవ్వదు, తర్వాత దాన్ని తీయడంలో గ్లేజు పెచ్చులూడుతుంది. పరిరక్షకులు ఎసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 లాంటి ఎక్రిలిక్ జిగురు వాడతారు, అది అవసరమైతే అదే ఎసిటోన్‌తో విడిపోతుంది.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డాక, తాతల నాటి వస్తువొకటి సూట్‌కేసులో పెట్టి పంపే కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. పురావస్తువుల, కళాఖండాల చట్టం 1972 ప్రకారం నూరేళ్లు నిండిన కళాఖండాన్ని ఒక వ్యక్తి దేశం దాటించడం నేరం. వస్తువు చైనాలో చేసిందన్న కారణంతో మినహాయింపు లేదు. వాటిని అమ్మే వ్యాపారికి కూడా లైసెన్సు ఉండాలి, కొనేటప్పుడు అడగడానికి మొహమాటపడకండి. నూరేళ్లు నిండలేదని మీరు నమ్మితే భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నిపుణులకు చూపించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం ముందే తీసుకోండి. నాలుగు వైపులా, అడుగు ముద్ర, లోపలి గోడ స్పష్టంగా కనిపించే ఫొటోలు, పక్కన స్కేలు పెట్టి కొలతలు సిద్ధం చేసుకుని వెళ్లండి. విమానాశ్రయంలో ఆపితే అప్పుడు చూసుకుందామనుకుంటే వస్తువు అక్కడే జప్తవుతుంది.

ఇట్లు,
పాత పింగాణీ పరిరక్షణ పనిలో ఉన్న కొందరు,
హైదరాబాద్